కడుపు వినే కబుర్లు

క్యాన్సర్ అని తేలిన ఇంటికి పలకరింపుకి వచ్చినవాళ్ళు కాసేపు కూర్చుని, నాలుగు ధైర్యం మాటలు చెప్పి, లేచి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర గొంతు తగ్గించి ఇంకో మాట అంటారు. "అన్నీ లోపలే పెట్టుకుని కుమిలిపోయే మనిషి కదమ్మా, అందుకే ఇలా పాకింది" అని. ఈ మాటలో చెడు ఉద్దేశం ఉండదు. అంతుపట్టని కష్టానికి ఏదో ఒక కారణం దొరికితే మనసు కాస్త కుదుటపడుతుంది, అంతే. కానీ ఆ మాట గేటు దగ్గర ఆగదు. ఎవరో ఒకరి నోట, ఏదో ఒక రోజున, మంచం మీదున్న మనిషి చెవిన పడుతుంది. నొప్పి ఒకటి, వాంతులు ఒకటి, పిల్లలు అప్పు చేస్తున్నారన్న బెంగ ఒకటి. వాటి పైన ఇప్పుడు ఇదొకటి: ఈ జబ్బు నేను చేతులారా తెచ్చుకున్నదే.

మనసుకీ క్యాన్సర్‌కీ ఏ సంబంధమూ లేదని ఆ మాటని ఒక్క వేటుతో కొట్టిపారేయాలని నాకూ ఉంటుంది. కానీ అలా అనడానికి లేదు. మన భయం, ఆకలి, నొప్పి, ఆడతనం, మగతనం, ఇవన్నీ హార్మోన్ల రూపంలో నెత్తురులో తిరుగుతుంటాయి. వాటిని మంచి కణాలు అందుకున్నట్టే కడుపులోని క్యాన్సర్ కణాలూ అందుకుంటాయి. అందుకుని కొన్నిసార్లు పెరుగుతాయి, కొన్నిసార్లు కదులుతాయి, కొన్నిసార్లు తగ్గుతాయి. ఇది ప్రయోగశాలల్లో తేలిన విషయం. దీన్ని ఒప్పుకుంటూనే ఆ గేటు దగ్గరి మాట ఎందుకు అన్యాయమో ఆలోచించాలి. 2022లో ప్రపంచం మొత్తంమీద దాదాపు 9 లక్షల 70 వేల మందికి కొత్తగా కడుపు క్యాన్సర్ తేలింది. ఆ ఇళ్ళన్నిట్లోనూ, ఏ భాషలోనైనా, ఇలాంటి మాట ఒకటి అనే ఉంటారు.

కడుపు మనసు మాట వింటుందన్న సంగతి కొత్తదేమీ కాదు. 1822లో, ఇప్పటి అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, మాకినాక్ దీవి మీద అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి దగ్గర్నుంచి పేలిన తుపాకి గుండు తగిలింది. జంతుచర్మాల వ్యాపారుల దగ్గర కూలీ అతను. ప్రాణం దక్కింది గాని కడుపుకి పడ్డ చిల్లు పూడలేదు. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ ఆ చిల్లులోంచి ఏళ్ళ తరబడి లోపలికి తొంగి చూశాడు. తిండి ముక్కల్ని పట్టుదారానికి కట్టి లోపలికి దించడం, కొంతసేపటికి పైకి లాగి ఎంత అరిగిందో చూసి రాసుకోవడం. 1833లో అచ్చయిన ఆయన పుస్తకంలో సెయింట్ మార్టిన్ కోపాన్ని గురించి కూడా ఉంది. అతనికి కోపం వస్తే అరుగుదల తేడా చేసేది. బీదవాడు, చదువు రానివాడు, కూలి కోసం తన పొట్టనే పరీక్షకి అప్పజెప్పినవాడు. డాక్టరుకి చిల్లులోంచి కోపం ఆనవాలు కనపడింది. కోపానికి కారణం మాత్రం కడుపులో కనపడేది కాదు.

ఆ కబురు ఏ దారిన కడుపుకి చేరుతుందో తెలియడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. 1902లో లండన్‌లో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ ఒక ప్రయోగం చేశారు. పేగుకి వెళ్ళే నరాలు తెంచేసినా, పేగులో ఆమ్లం పడగానే క్లోమం తన రసాన్ని ఊరించింది. అంటే కబురు నరాల్లోనే కాదు, నెత్తురులో కూడా వెళ్తోందన్నమాట. మూడేళ్ళకి జాన్ ఎడ్కిన్స్ కడుపు కింది భాగంలో కూడా నెత్తురులో కబురు మోసే అలాంటి హార్మోన్ ఒకటి పుడుతోందని, అది ఆమ్లాన్ని ఊరిస్తుందని చెప్పి దానికి గాస్ట్రిన్ అని పేరు పెట్టాడు. ఆయన మాట నిలబడడానికి దాదాపు అరవై ఏళ్ళు పట్టింది. 1964లో లివర్‌పూల్‌లో గ్రెగరీ, ట్రేసీ దాన్ని శుద్ధంగా వేరుచేసి చూపించారు. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా ఎలుక కడుపులో గ్రెలిన్ అనే ఇంకో హార్మోన్ని పట్టుకున్నారు. మనకి ఆకలి వేయించేది అది. తిన్నది వేసుకునే తిత్తి అని మనం అనుకునే కడుపు ఇలా ఒళ్ళంతటి మాటా వింటూ, తన మాట ఒళ్ళంతటికీ చెబుతూ ఉంటుంది.

గాస్ట్రిన్ సంగతి కొంచెం నిదానంగా చూడాలి. ఆమ్లం ఊరించడం ఒక్కటే దాని పని కాదు, కడుపు లోపలి పొర పెరుగుదలకి కూడా అది కావాలి. కొందరిలో సొంత రోగనిరోధక శక్తే ఎదురు తిరిగి ఆమ్లం తయారుచేసే కణాల్ని నాశనం చేస్తుంది. ఆమ్లం తగ్గిందని గాస్ట్రిన్ పుట్టే కణాలకి తెలుస్తుంది. అవి ఇంకా ఇంకా గాస్ట్రిన్ పంపుతాయి. ఎంత పంపినా ఆమ్లం రాదు, చేసే కణాలే లేవు కనుక. ఆ గాస్ట్రిన్ మోతకి పక్కనున్న మరో రకం కణాలు పెరిగి పెరిగి చిన్న చిన్న కణుతులు కడతాయి. కడుపులో గాస్ట్రిన్ పుట్టే కింది భాగాన్ని తీసేస్తే చాలామందిలో ఆ కణుతులు వాటంతటవే తగ్గిపోయాయి. ఈ రకం సాధారణంగా పాకేది కాదు, మామూలుగా మనం కడుపు క్యాన్సర్ అనేదీ ఇది కాదు. అయినా మనిషి ఒంట్లో ఒక హార్మోన్ పెరిగితే కణితి పుట్టడం, అది తగ్గితే కణితి తగ్గడం ఇంత తేటగా కనిపించే చోటు అరుదు. ఇందులో గాస్ట్రిన్ కణాలు చేసిన తప్పేముంది? లోటు కనపడింది, పూడ్చబోయాయి. ఒంట్లో జరిగే చాలా అనర్థాలు ఇలాగే, ఎవరి పని వాళ్ళు చేస్తూ ఉండగానే జరుగుతాయని చదివిన కొద్దీ నాకు అనిపిస్తుంది.

ఇక పాకడం. మనుషుల్ని ఎక్కువగా తీసుకుపోయేది అదే. 1881 జనవరిలో వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ అనే సర్జన్, తెరెసా హెల్లర్ అనే ఆవిడ కడుపులో క్యాన్సర్ పట్టిన భాగాన్ని కోసి తీసి మిగిలినదాన్ని పేగుతో కలిపి కుట్టాడు. అలాంటి ఆపరేషన్ తట్టుకుని రోగి బతికి లేవడం అదే మొదటిసారి. వైద్య చరిత్ర పుస్తకాల్లో అదొక విజయం. ఆవిడ నాలుగు నెలలకే పోయింది. కత్తి చేరని చోటికి జబ్బు అప్పటికే చేరిపోయింది.

చేరితే చేరింది, ఎక్కడపడితే అక్కడికి ఎందుకు చేరదు? 1889లో లండన్ సర్జన్ స్టీఫెన్ పాజెట్ రొమ్ము క్యాన్సర్‌తో పోయిన 735 మంది స్త్రీల శవపరీక్షల వివరాలు ముందేసుకుని ఈ ప్రశ్నే అడిగాడు. నెత్తురు అన్ని అవయవాలకీ పారుతుంది, గడ్డలు మాత్రం కొన్నిట్లోనే కడుతున్నాయి. విత్తు నాలుగు దిక్కులా చల్లినా తనకి సరిపడే నేలలోనే మొలుస్తుందని ఆయన అన్నాడు. సేద్యం తెలిసినవాళ్ళకి ఈ మాట విడమర్చి చెప్పనక్కర్లేదు. కడుపు క్యాన్సర్‌కి అలాంటి నేలలు కొన్నున్నాయి: కాలేయం, పొట్ట లోపలి పొర, ఎడమ మెడ ఎముక పైనున్న బిళ్ళ, ఆడవాళ్ళలో అండాశయాలు. అమెరికాలోని రోచెస్టర్‌లో సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో సిస్టర్ మేరీ జోసెఫ్ అనే నర్సు ఉండేది. సర్జన్ విలియం మేయోకి ఆపరేషన్లలో చేదోడు. ఆపరేషన్‌కి ముందు రోగి పొట్టని శుభ్రం చేసేటప్పుడు కొందరికి బొడ్డు దగ్గర గట్టిగా, గోళీలాగా ఏదో తగులుతోందని ఆవిడ వేళ్ళకి తెలిసింది. అలా తగిలినవాళ్ళకి లోపల క్యాన్సర్ అప్పటికే పాకి ఉండేది. ఇప్పటికీ వైద్యులు ఆ కణితిని ఆవిడ పేరుతోనే పిలుస్తారు. స్కానింగులు లేని రోజుల్లో, ఇతరులు చూడనిది ఒక నర్సు చేతివేళ్ళు కనిపెట్టాయి. నాకు ఆవిడంటే చాలా గౌరవం.

అండాశయాల దగ్గర హార్మోన్ల కథ చిక్కుపడుతుంది. 1896లో ఫ్రిడ్రిక్ క్రూకెన్‌బర్గ్ అనే జర్మన్ యువ వైద్యుడు అండాశయంలో వచ్చే ఒక కొత్త రకం కణితిని వర్ణించాడు. అది అక్కడ పుట్టినదే అనుకున్నాడు. ఆరేళ్ళ తర్వాత అది చాలావరకు కడుపు నుంచి వచ్చి చేరినదని తేలింది. నెలసరి ఇంకా ఆగని వయసు ఆడవాళ్ళలో ఇది ఎక్కువ. అదే 1896లో గ్లాస్గోలో జార్జ్ బీట్సన్, అండాశయాలు తీసేస్తే కొందరి రొమ్ము క్యాన్సర్ తగ్గుముఖం పడుతోందని ప్రకటించాడు. హార్మోన్‌తో క్యాన్సర్‌ని ఎదుర్కోవచ్చన్న ఆలోచన అక్కడ మొదలైంది. అయితే కడుపు విషయానికి వచ్చేసరికి అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ మరోలా కనిపిస్తుంది. కడుపు క్యాన్సర్ ఆడవాళ్ళ కంటే మగవాళ్ళలో దాదాపు రెండింతలు. స్వీడన్‌లో ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం ఈస్ట్రోజెన్ వాడిన మగవాళ్ళలో కడుపు క్యాన్సర్ తక్కువగా కనపడింది. కడుపులో చేరే హెలికోబాక్టర్ అనే బాక్టీరియాని సోకించిన మగ ఎలుకలకి ఈస్ట్రడయోల్ అనే ఈస్ట్రోజెన్ ఇస్తే కడుపులో వాపు, చెడు మార్పులు తగ్గాయి. సరే, మరి హార్మోన్ మందుతో కడుపు క్యాన్సర్‌ని ఆపగలమా అని రోగులకి ఈస్ట్రోజెన్ని అడ్డుకునే టామాక్సిఫెన్ ఇచ్చి చూస్తే మేలేమీ కనపడలేదు. ఈస్ట్రోజెన్ మంచిదా చెడ్డదా అని తేల్చమంటే ఏ ఒక్క జవాబూ నిలబడదు. ఏ అవయవంలో, ఏ వయసులో, కణం మీద ఆ హార్మోన్ని అందుకునే ఏ రకం గ్రాహకం ఉంది, ఇవన్నీ చూడాలి.

గర్భిణుల్లో జరిగేది మరీ బాధాకరం. కడుపుతో ఉన్న పిల్లకి వికారం, వాంతులు, అన్నం సహించకపోవడం మామూలే కదా అని అందరూ అనుకుంటారు, అది సహజం. చాలా అరుదే అయినా, అదే సమయంలో కడుపులో క్యాన్సర్ కూడా ఉంటే దాని గుర్తులూ అవే. వేవిళ్ళ చాటున జబ్బు దాక్కుంటుంది, బయటపడేసరికి ముదిరి ఉంటుంది. ఆ తల్లిని గాని, పుట్టింటివాళ్ళని గాని, అత్తింటివాళ్ళని గాని ఎవరు ఏమనగలరు?

ఇప్పుడు దిగులు సంగతికి వద్దాం. కడుపు లోపలి పొరలో కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టులో ముఖ్యమైనది ఇ-క్యాడ్హెరిన్ అనే ప్రొటీన్. క్యాన్సర్ కణం పాకాలంటే ముందు ఈ పట్టు వదలాలి. తర్వాత గుండ్రటి రూపం పోయి సాగాలి, చుట్టూ ఉన్న అల్లికని కరిగించుకుంటూ దారి చేసుకోవాలి, రక్తనాళంలోకో లింఫు నాళంలోకో దూరాలి. భయం వేసినప్పుడు, నొప్పి పుట్టినప్పుడు మన ఒంట్లో అడ్రినలిన్, నార్అడ్రినలిన్ విడుదలవుతాయి. గుండె దడదడలాడించేవి అవే. వాటిని అందుకునే బీటా-2 గ్రాహకాలు కడుపు క్యాన్సర్ కణాల మీద కూడా ఉన్నాయి. గాజు పాత్రలో పెంచిన కణాలకి ఈ హార్మోన్లు తగిలిస్తే అవి ఇ-క్యాడ్హెరిన్‌ని తగ్గించుకుని కదలడం మొదలుపెడతాయి. ఆ గ్రాహకాల్ని మూసేసే మందు వేస్తే కదలిక తగ్గుతుంది. రోజూ కొన్ని గంటలపాటు కదలకుండా బిగించి ఉంచిన ఎలుకల్లో కడుపు క్యాన్సర్ గడ్డలు త్వరగా పెరిగాయి, ఎక్కువగా పాకాయి.

"చూశారా, మేం అన్నది అదే" అంటారు గేటు దగ్గరివాళ్ళు. ఆగాలి. కటకటాల్లో బిగించిన ఎలుక దిగులుపడే స్వభావం ఉన్న ఎలుక కాదు. దాన్ని ఎవరో బిగించారు. మనిషి విషయంలోనూ నార్అడ్రినలిన్ పెరగడానికి ఆలోచనే కానక్కర్లేదు. ఆపుకోలేని నొప్పి చాలు, నిద్ర లేని రాత్రి చాలు. ఆపరేషన్, నెత్తురు పోవడం, చలి, పస్తు, ఇవన్నీ ఆ హార్మోన్ని పెంచేవే. ఆసుపత్రి వరండాలో గోనెపట్టా మీద పడుకుని తెల్లవారుజామున ఓపీ చీటీ కోసం వరసలో నిలబడ్డ మనిషి నెత్తురులో అది ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. పైగా గాజు పాత్రలోంచి, ఎలుకలోంచి మనిషి బతుకులోకి వచ్చేసరికి లెక్క అంత సూటిగా రాదు. 2013లో యూరప్‌లోని 12 అధ్యయనాల్లో ఉన్న లక్షా పదహారు వేల మంది వివరాలు కలిపి చూశారు. ఉద్యోగ ఒత్తిడి ఎక్కువగా ఉన్నవాళ్ళకి పేగు, ఊపిరితిత్తులు, రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్లు ఎక్కువగా వచ్చిన దాఖలా కనపడలేదు. అందులో కడుపుని విడిగా చూడలేదు. అయినా, బెంగ పెట్టుకున్నందువల్లే క్యాన్సర్ వచ్చిందని ఒక మనిషి మొహం మీద చెప్పగల ఆధారం ఎవరి దగ్గరా లేదు.

కడుపు జబ్బుల్ని మనిషి స్వభావానికి అంటగట్టడం ఇంతకు ముందూ జరిగింది. కడుపులో పుండు ఆదుర్దా మనుషులకి, కోపిష్టులకి వస్తుందని దశాబ్దాల పాటు వైద్యులే చెప్పారు. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ కడుపు పొరలో ఉండే వంకర తిరిగిన ఒక బాక్టీరియాని ప్రయోగశాలలో పెంచగలిగారు. ఈస్టర్ సెలవుల వల్ల దాన్ని పెంచే పళ్ళేలు మామూలు కంటే ఎక్కువ రోజులు అలాగే ఉండిపోవడంతో అది పెరిగింది. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని స్వయంగా తాగి కడుపు వాపు తెచ్చుకున్నాడు. హెలికోబాక్టర్ పైలోరీ అనే ఆ బాక్టీరియా కడుపు క్యాన్సర్‌కి కూడా కారణమని 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ప్రకటించింది. ఎక్కువమందికి చిన్నతనంలోనే, ఇంట్లోవాళ్ళ నుంచే సోకుతుంది. సోకినవాళ్ళలో చాలా కొద్దిమందికే క్యాన్సర్ వస్తుంది, అదీ కొన్ని దశాబ్దాల తర్వాత. ఉప్పులో ఊరబెట్టిన తిండి, పొగాకు దానికి తోడవుతాయి. అరవయ్యో ఏట బయటపడ్డ జబ్బుకి బీజం ఆరో ఏట పడి ఉండొచ్చు. మొన్న కోడలితో జరిగిన గొడవ ముందు ఆ యాభై ఏళ్ళు ఎటు పోవాలి?

ఇంతకంటే బరువైన కథ న్యూజీలాండ్‌ది. తౌరంగా ప్రాంతంలో ఒక మావోరీ కుటుంబంలో తరాల తరబడి కడుపు క్యాన్సర్‌తో పోతూ వచ్చారు. పడుచువాళ్ళు, పిల్లల తల్లులు, పద్నాలుగేళ్ళ వయసువాళ్ళు కూడా. శాపం తగిలిందని అనుకున్నవాళ్ళూ ఉన్నారు. చివరికి ఆ కుటుంబమే ఒటాగో విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తల దగ్గరికి వెళ్ళి, మా ఇంట్లో ఏం జరుగుతోందో చూడండని అడిగింది. వంశవృక్షం వాళ్ళే గీసి ఇచ్చారు, నెత్తురు నమూనాలకి చుట్టాలందరినీ వాళ్ళే ఒప్పించారు. 1998లో పారీ గిల్‌ఫర్డ్ బృందం కారణం కనుక్కుంది. ఇ-క్యాడ్హెరిన్‌ని తయారుచేసే జన్యువులోనే లోపం ఉంది. కణాలు ఒకదాన్నొకటి పట్టుకునే పట్టు పుట్టుకతోనే సగం సడలి ఉంది. శాపమూ కాదు, స్వభావమూ కాదు. ఆ లోపం ఉందని తేలినవాళ్ళలో చాలామంది జబ్బు రాకముందే కడుపు మొత్తం తీయించుకున్నారు. అలా తీసిన కడుపుల్ని పరీక్షిస్తే, ఏ బాధా లేని మనుషుల్లో కూడా కంటికి ఆననంత చిన్నగా క్యాన్సర్ అప్పటికే మొదలై కనిపించింది. వాళ్ళు అడగబట్టి ఇవాళ ప్రపంచంలో ఎక్కడ ఇలాంటి కుటుంబం ఉన్నా ముందే తెలుసుకునే దారి ఉంది.

కడుపు లేకుండా మనిషి బతుకుతాడా అని అడుగుతారు. బతుకుతాడు. ఎలా బతుకుతాడన్నదే అసలు ప్రశ్న. మా మేనత్తకి క్యాన్సర్ వల్ల కడుపు మొత్తం తీసేశారు. ఆవిడ వండి పెట్టడంలో, తినడంలో ఊళ్ళో పేరున్న మనిషి. ఆపరేషన్ అయ్యాక ఇంటికొచ్చిన ఆవిడ ముందు మా బావ ఒక గిన్నెలో మెత్తగా కలిపిన చారన్నం పెట్టుకుని కూర్చునేవాడు. "అమ్మా, ఇంకొక్క ముద్ద." ఆవిడ నోరు తెరిచేది కాదు. "నిన్నటి నుంచి అర ఇడ్లీ మాత్రమే తిన్నావు, ఇలా అయితే ఎలా కోలుకుంటావే?" అంటూ బావ గొంతు పెరిగేది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని గోడ వైపు తిరిగేది. ఉగాదినాడు ఎవరో ప్రేమగా బొబ్బట్టు పెడితే సగం తిని పది నిమిషాల్లో చెమటలు పట్టి, గుండె కొట్టుకుని, మంచం మీద వాలిపోయింది. దిష్టి తగిలిందన్నారు. ఎర్రనీళ్ళు తిప్పారు. ఇంటిల్లిపాదీ ఆవిడ మొండికేస్తోందని, బతుకు మీద ఆశ వదిలేసుకుందని అనుకున్నారు.

ఆవిడ వదిలేసింది కాదు. ఆకలి పుట్టించే గ్రెలిన్‌లో ఎక్కువ భాగం తయారయ్యేది కడుపులోనే. కడుపు తీసేస్తే ఆకలి అనే కబురే ఆగిపోతుంది. పళ్ళెం ముందున్నా, పక్కింటి పోపు వాసన వచ్చినా లోపలి నుంచి పిలుపు రాదు. బొబ్బట్టు తిన్నప్పుడు జరిగినదానికీ పేరుంది, డంపింగ్ అంటారు. ఆగి అరగాల్సిన తీపి ఆగే చోటు లేక ఒక్కసారిగా పేగులోకి పడుతుంది. దానికి ఒంట్లోని నీరు పేగు వైపు తిరుగుతుంది, పేగు హార్మోన్లు ఒక్కుమ్మడిగా విడుదలవుతాయి, కొన్నిసార్లు తర్వాత ఇన్సులిన్ ఎక్కువై చక్కెర పడిపోతుంది. ఆసుపత్రిలో ఆహారం గురించి చెప్పే అమ్మాయి ఇదంతా ఓపిగ్గా చెప్పాక ఇంట్లో పద్ధతి మారింది. ఆకలి కోసం ఎదురుచూడకుండా గడియారం చూసి పెట్టడం, రోజుకి ఆరుసార్లు కొంచెం కొంచెం, తినేటప్పుడు నీళ్ళు తాగించకపోవడం, తీపి తగ్గించి గుడ్డు, పప్పు, పెరుగు పెంచడం, వేళ తప్పకుండా బి12 ఇంజక్షన్. బావ గిన్నె పక్కన పెట్టి వెళ్ళిపోయేవాడు. ఆవిడ వీలైనంత తిని మిగతాది మూత పెట్టేది. గోడ వైపు తిరగడం మానేసింది.

2010లో జపాన్‌లో ఒక వైద్య బృందం కడుపు తీయించుకున్నవాళ్ళకి కొన్ని రోజులు గ్రెలిన్‌ని ఇంజక్షన్‌గా ఇచ్చి చూసింది. వాళ్ళు ఎక్కువ తిన్నారు, బరువు తక్కువగా తగ్గారు. 2021లో ఆ దేశంలోనే, గ్రెలిన్ చేసే పనే చేసే అనమొరెలిన్ అనే మాత్రకి అనుమతి వచ్చింది. కడుపు క్యాన్సర్ సహా కొన్ని క్యాన్సర్లలో ఒళ్ళు కరిగిపోయే స్థితికి అది వాడతారు. మరోపక్క, గాజు పాత్రలోని కడుపు క్యాన్సర్ కణాల కదలికకి గ్రెలిన్ సాయపడుతోందని చూపిన ప్రయోగాలూ ఉన్నాయి. రోగికి అన్నం తినిపించే హార్మోనే జబ్బుకీ చెవిలో ఏదో చెబుతుందా అన్న సందేహాన్ని వైద్యులు ఎంతో జాగ్రత్తగా తూచాల్సి వస్తుంది. మనిషి ఎండిపోతుంటే అనుమానాల కోసం తిండి ఆపలేం. తూచి, కావలసినవాళ్ళకి ఇస్తున్నారు. నాకు ఇందులో పెద్ద ఊరట కనపడుతుంది: కబురు రెండు వైపులా పోతుందని తెలిసి కూడా, ముందు ఆకలిగొన్న మనిషి వైపు నిలబడడం.

ఒత్తిడి హార్మోన్ల విషయంలోనూ ఇలాంటి ప్రయత్నాలే జరుగుతున్నాయి. బీపీకి, గుండె దడకి ఏనాటి నుంచో వాడుతున్న, బీటా గ్రాహకాల్ని మూసేసే ప్రొప్రనొలాల్‌ని రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ సమయంలో ఇస్తే పాకే లక్షణాలు తగ్గుతాయా అని చిన్న పరీక్షలు జరిగాయి, గడ్డ కణాల్లో కొన్ని మంచి మార్పులు కనపడ్డాయి. కడుపు క్యాన్సర్‌కి అది ఇంకా వైద్యం కాలేదు, ఎవరూ సొంతంగా వాడకూడదు, గుండె వేగాన్ని, బీపీని ప్రమాదకరంగా తగ్గించగలదు. కానీ ఆ పరిశోధన చెప్పే దిశ మీద నాకు గురి ఉంది. ఒత్తిడి తగ్గించడమంటే రోగికి "ధైర్యంగా ఉండు, నవ్వుతూ ఉండు" అని పని అప్పజెప్పడం కాదని అది చెబుతోంది. ఏడవాలనిపించినప్పుడు ఏడవకుండా ఉండడం కూడా ఒక శ్రమే. జబ్బు పేరు చెప్పకుండా దాచి, గదిలోకి వెళ్ళేముందు అందరూ మొహాలు సర్దుకునే ఇళ్ళలో రోగికి అన్నీ తెలిసిపోతూనే ఉంటాయి. తెలిసీ తెలియనట్టు నటించే భారం కూడా అతని మీదే పడుతుంది.

పక్కనున్నవాళ్ళు చేయగలిగింది హార్మోన్ల వైపు నుంచి చూసినా చాలానే ఉంది. నొప్పి తగ్గితే నార్అడ్రినలిన్ తగ్గుతుంది. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ ఉంది, 2014లో మన దేశంలో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక దాన్ని ఆసుపత్రులు తెప్పించుకోవడం అంతకు ముందు కంటే తేలికైంది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి తగ్గించడానికే ఒక విభాగం పనిచేస్తోంది. మార్ఫిన్ అంటే ఇక ఆఖరి రోజులేనని భయపడి వద్దనే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకి వాడితే రోగి మత్తులో మునిగిపోడు, నొప్పి తగ్గి లేచి కూర్చుంటాడు, నాలుగు మాటలు మాట్లాడతాడు, రాత్రి పడుకుంటాడు. నిద్ర పట్టకపోవడానికి, వాంతులకి, ఆగని దిగులుకి కూడా మందులున్నాయి, అడిగితే రాస్తారు. చాలామంది అడగరు. ఇంత పెద్ద జబ్బులో ఇదొక లెక్కా అనుకుంటారు.

అందుకని, పలకరింపుకి వెళ్ళినప్పుడు "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగితే చాలు. లేదని చెబితే, నొప్పి వల్లా, వాంతి వల్లా, భయం వల్లా అని ఇంకో ప్రశ్న. జవాబు ఏదైనా సరే ఒక కాగితం మీద రాసి, ఈసారి ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు డాక్టరుకి చూపించమని ఇంట్లోవాళ్ళ చేతికివ్వడం. ఒక రాత్రి పక్కన మేం పడుకుంటాం, మీరు నిద్రపోండి అని ఆ ఇంటి కోడలికో కొడుక్కో చెప్పడం. ఇంట్లో మిగతావాళ్ళు, ముఖ్యంగా రోగి తోబుట్టువులు, పిల్లలు హెలికోబాక్టర్ పరీక్ష చేయించుకున్నారో లేదో కనుక్కోవడం. ఆ బాక్టీరియా ఉంటే రెండు వారాల మందుల కోర్సు ఉంది, పూర్తిగా వాడితే చాలామందిలో పోతుంది.